మీటర్ తప్పు చూపిస్తే స్పీడ్ చలానా కట్టాలా? అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది

ఈ ఎపిసోడ్‌లో స్పీడ్ చలానా గురించి మాట్లాడుకుందాం. అందులోనూ ముఖ్యంగా ఒక్క డైలాగ్ గురించి. "సార్, నా మీటర్‌లో 58 చూపించింది, మీ ఫొటోలో 74 ఎలా వచ్చింది?" వైజాగ్‌లో బండి నడిపేవాళ్లు ఈ మాట ఎక్కడో ఒకచోట వినే ఉంటారు, లేదా మీరే అనుంటారు.

మన ఊరి సంగతి తెలుసు కదా. హైవే ఊరి పక్కనుంచి కాదు, ఊరి మధ్యలోంచి పోతుంది. అనకాపల్లి నుంచి ఆనందపురానికి బైపాస్ పడ్డాక కూడా కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ వరకు మనకి అదే హైవే. ఒక నిమిషం సిగ్నల్ దగ్గర నిలబడతాం, ఇంకో నిమిషంలో ఫ్లైఓవర్ ఎక్కి ఖాళీ రోడ్డు చూస్తాం. పక్కన పోర్టుకి పోయే కంటైనర్ లారీ, ఇంకో పక్క స్టీల్ ప్లాంట్ షిఫ్ట్ బస్సు. బీచ్ రోడ్డులో భీమిలి వైపు వెళ్తే ఇంకా చెప్పక్కర్లేదు, రోడ్డే మనల్ని లాక్కెళ్తుంది. ఇంటికి వచ్చాక ఫోన్‌కి మెసేజ్ వస్తుంది.

అప్పుడు ముందు గుర్తొచ్చేది మీటర్. "నా మీటర్ పాడైంది, నా తప్పు లేదు" అంటే చలానా కొట్టేస్తారా?

సస్పెన్స్ పెట్టను, ముందే చెప్పేస్తా. కొట్టేయరు. కానీ వీడియో ఇక్కడితో ఆపేయకండి. మీటర్ పాయింట్ పనిచేయదు గానీ, దాని పక్కనే పనిచేసే పాయింట్ ఒకటి ఉంది. చాలామంది దాన్ని అడగరు.

చట్టంలో "తెలిసి" అనే మాటే లేదు

మోటారు వాహనాల చట్టం, 1988. అందులో సెక్షన్ 112 స్పీడ్ లిమిట్ గురించి. పబ్లిక్ రోడ్డు మీద లిమిట్ దాటి ఎవరూ బండి నడపకూడదు, నడపనివ్వకూడదు, అంతే. "తెలిసి దాటితే" అని లేదు. "కావాలని దాటితే" అని లేదు. శిక్ష సెక్షన్ 183లో ఉంది. 2019 సవరణ తర్వాత కారు లాంటి లైట్ మోటార్ వెహికల్‌కి 1,000 నుంచి 2,000 రూపాయల వరకు, లారీలు, బస్సుల్లాంటి మీడియం, హెవీ బండ్లకి 2,000 నుంచి 4,000 వరకు. రెండోసారి, ఆ తర్వాత దొరికితే లైసెన్స్ స్వాధీనం చేసుకునే దాకా పోతుంది.

మనలో చాలామందికి వెయ్యి రూపాయలు ఒక వీకెండ్ ఖర్చు. కానీ క్యాబ్ నడిపే అన్నకి, ఫుడ్ డెలివరీ చేసే తమ్ముడికి లైసెన్స్ అంటే ఇంట్లో బియ్యం. అందుకే ఇది చిన్న విషయం అనుకోవద్దు.

ఇప్పుడు అసలు ప్రమాదం చెప్తా. మీరు వెళ్లి "సార్, నా మీటర్ ఆరు నెలల నుంచి సరిగ్గా పనిచేయట్లేదు" అని రాసిచ్చారనుకోండి. అదే చట్టంలో సెక్షన్ 190 ఉంది. బండిలో లోపం ఉందని తెలిసి, లేదా మామూలు జాగ్రత్త తీసుకుంటే తెలిసేదే అయ్యుండి, ఆ లోపం వల్ల ప్రమాదం వచ్చేలా ఉన్నా రోడ్డెక్కిస్తే అది వేరే నేరం. దానికి 1,500 రూపాయల వరకు ఫైన్ ఉంది. పైగా బండికి స్పీడోమీటర్ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో రూల్ 117 చెప్తోంది. అంటే మొదటి చలానా నుంచి తప్పించుకోడానికి మీరు చెప్పిన కారణమే రెండో చలానాకి దారి చూపించొచ్చు.

ప్రపంచమంతా ఇంతేనా అంటే కాదు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో, మన తెలుగువాళ్లు బాగానే ఉన్న చోటే, స్పీడోమీటర్ టెస్ట్ చేయించి ప్రమాణపూర్వకంగా ఇచ్చిన రిపోర్టుని కోర్టు సాక్ష్యంగా తీసుకోవాలని వాళ్ల చట్టంలోనే రాసుంది. తప్పు చేశాడా లేదా అని తేల్చేటప్పుడు, శిక్ష ఎంత వేయాలో చూసేటప్పుడు రెండింటికీ దాన్ని చూస్తారు. ఇంగ్లండ్‌లో అయితే మీటర్ పాడైందంటే నేరం పోదు, శిక్ష తగ్గించమని అడగడానికి మాత్రం పనికొస్తుంది. మన చట్టంలో వర్జీనియా లాంటి సెక్షన్ లేదు. కాబట్టి అక్కడి బంధువు చెప్పిన సలహా ఇక్కడ యథాతథంగా వాడకండి.

మీటర్ అబద్ధం చెప్తుంది, కానీ మీకు మేలు చేసే అబద్ధం

ఇంకో విషయం. మీటర్ నిజంగానే తప్పు చూపిస్తుంది. దాదాపు ప్రతి బండిలోనూ. కానీ ఏ వైపు తప్పు?

చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి రెగ్యులేషన్ 39 అని ఒకటుంది. దాని ప్రకారం మీటర్ అసలు స్పీడ్ కంటే తక్కువ చూపించనే కూడదు. ఎక్కువ చూపించొచ్చు. ఎంత ఎక్కువ? అసలు స్పీడ్‌లో పదో వంతు, దాని మీద ఇంకో 4 కిలోమీటర్లు. అంటే మీరు నిజంగా 60లో వెళ్తుంటే మీటర్ 70 దాకా చూపించొచ్చు. 80లో వెళ్తుంటే 92 దాకా. కంపెనీవాళ్లు కావాలనే కొంచెం ఎక్కువ చూపించేలా పెడతారు.

మరి తక్కువ చూపించేది ఎప్పుడు? పెద్ద టైర్లు వేసినప్పుడు. లెక్క వేద్దాం. 185/65 ఆర్15 టైర్ ఎత్తు 621.5 మిల్లీమీటర్లు. లుక్ బాగుంటుందని 205/65 ఆర్15 వేశారు, ఎత్తు 647.5. తేడా 4 శాతం పైచిలుకు. మీటర్‌లో 60 కనిపిస్తే లెక్క ప్రకారం అసలు స్పీడ్ 62.5. అంతే. 58 చూపిస్తుంటే నిజంగా 74 వెళ్లాలంటే టైర్ దాదాపు 28 శాతం పెద్దది కావాలి. అప్పుడది కారులా ఉండదు, ట్రాక్టర్‌లా ఉంటుంది. అరిగిపోయిన టైర్ అయితే ఉల్టా. చక్రం చిన్నదవుతుంది, ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటర్ ఇంకా ఎక్కువ చూపిస్తుంది.

పూర్తిగా పాడవడం వేరు. పాత బైకుల్లో కేబుల్ తెగితే ముల్లు సున్నా దగ్గర పడుకుంటుంది. కార్లలో స్పీడ్ సెన్సర్ పోయినా, కనెక్టర్ తుప్పు పట్టినా ముల్లు ఎగిరెగిరి పడుతుంది. మనది సముద్రం ఊరు, ఉప్పు గాలి. కనెక్టర్లకి తుప్పు త్వరగా పడుతుంది. కానీ ఇలా పాడైతే నడిపేవాళ్లకి కనిపిస్తుంది. కనిపించకపోవడం అనేది ఉండదు. కోర్టు కూడా అదే అడుగుతుంది: "కనిపించినప్పుడు ఎందుకు బాగు చేయించలేదు?"

మీ కాటా కాదు, కొట్టువాడి కాటా

ఇప్పుడు పనిచేసే పాయింట్‌కి వద్దాం. రైతు బజార్‌కి వెళ్లి కేజీ టమాటా కొన్నారు. ఇంటికొచ్చి మీ వంటింటి కాటా మీద పెడితే 900 గ్రాములు. వెనక్కి వెళ్లి "నా కాటాలో తక్కువ వచ్చింది" అంటే కొట్టువాడు నవ్వుతాడు. అదే "నీ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా, ఎప్పుడు వేశారు?" అని అడిగితే నవ్వడు.

స్పీడ్ చలానా కూడా అంతే. డబ్బులు అడిగేది ఎవరి మీటర్ లెక్క మీద? వాళ్ల మీటర్ లెక్క మీద. కాబట్టి నిరూపించాల్సింది కూడా వాళ్ల మీటరే. చట్టం ఈ మాట స్పష్టంగానే చెప్పింది. సెక్షన్ 183లో మూడో సబ్ సెక్షన్ చూడండి. ఒక్క సాక్షి "నాకు స్పీడ్‌గా వెళ్తున్నట్టు అనిపించింది" అంటే ఆ ఒక్క మాట మీద శిక్ష వేయడానికి లేదు. ఆ అభిప్రాయం ఏదో ఒక మెకానికల్ లేదా ఎలక్ట్రానిక్ పరికరంతో కొలిచినదై ఉండాలి.

ఆ పరికరం ఎలా ఉండాలో 2021 ఆగస్టులో కేంద్రం రూల్ 167ఏ తెచ్చింది. పది లక్షలు దాటిన నగరాలు, గాలి కాలుష్యం ప్రోగ్రామ్‌లో ఉన్న 132 నగరాల్లో ముఖ్యమైన రోడ్ల మీద ఈ పరికరాలు పెట్టాలని అందులో ఉంది. ఆ లిస్టులో మన రాష్ట్రం నుంచి 13 ఊళ్లు ఉన్నాయి, విశాఖపట్నం కూడా ఉంది. స్పీడ్ కెమెరా, చేత్తో పట్టుకునే స్పీడ్ గన్ రెండూ ఈ రూల్ కిందకి వస్తాయి.

ఈ రూల్ నుంచి మీరు అడగాల్సినవి ఐదు ప్రశ్నలు. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి. పరికరానికి అప్రూవల్ సర్టిఫికెట్ ఉందా? రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి ఇవ్వాలి, ఏటా రెన్యువల్ చేయాలి. మీ చలానా తేదీ నాటికి అది చెల్లుబాటులో ఉండాలి.

రెండు. ఫొటోలో ఏముంది? నంబర్ ప్లేట్ స్పష్టంగా కనిపించాలి, కొలిచిన స్పీడ్ ఉండాలి, తేదీ, టైమ్, ప్లేస్ ఉండాలి. ఏ సెక్షన్ కింద వేశారో ఉండాలి. ఆ ఎలక్ట్రానిక్ రికార్డుకి ఎవిడెన్స్ చట్టం ప్రకారం సర్టిఫికెట్ కూడా ఉండాలి. పాత చట్టంలో అది 65బీ, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63.

మూడు. నోటీసు ఎప్పుడు పంపారు? సంఘటన జరిగిన 15 రోజుల్లోపు పంపాలని రూల్. ఆలస్యమైతే చలానా దానంతట అదే చచ్చిపోదు, కానీ కోర్టులో చెప్పుకోదగ్గ పాయింట్.

నాలుగు. బోర్డులు ఉన్నాయా? కెమెరా నిఘా ఉన్న చోట ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి. ఇక స్పీడ్ లిమిట్ బోర్డు. కేంద్రం 2018 ఏప్రిల్ నోటిఫికేషన్‌లో మున్సిపల్ పరిధి రోడ్ల మీద కారుకి 70, మోటార్ సైకిల్‌కి 60 అని గరిష్ఠం పెట్టింది. దాన్ని లోకల్‌గా 40కో 50కో తగ్గించొచ్చు. కానీ సెక్షన్ 112 ప్రకారం అలా తగ్గించాలంటే నోటిఫికేషన్ ఇవ్వాలి, రోడ్డు మీద బోర్డు పెట్టాలి. చెట్టు కొమ్మల వెనక దాక్కున్న బోర్డు, సినిమా పోస్టర్ అంటించిన బోర్డు ఉంటే, మీరు వచ్చిన దిశ నుంచే ఫొటో తీసి పెట్టుకోండి. మరుసటి రోజే తీయండి. నెల తర్వాత తీస్తే కొమ్మలు కొట్టేసి ఉంటారు.

ఐదు. ఆ పరికరానికి ముద్ర ఉందా? ఇక్కడ కాటా పోలిక నిజంగానే కలుస్తుంది. డాప్లర్ రాడార్‌తో బండి స్పీడ్ కొలిచే పరికరాలని తూనికలు కొలతల చట్టం కిందకి తెస్తూ కేంద్రం 2025లో రూల్స్ ఇచ్చింది, 2025 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కొట్టువాడి కాటాలాగే వాటిని వెరిఫై చేసి ముద్ర వేయాలి. అయితే ఇది రాడార్ రకానికి. చేత్తో పట్టుకునేవాటిలో లేజర్ గన్‌లు ఉంటాయి, అవి వేరే టెక్నాలజీ. కాబట్టి ముందు "ఏ రకం పరికరం, సీరియల్ నంబర్ ఎంత?" అని అడగండి.

ఇంకో మాట. "గన్ పక్కనుంచి పట్టుకున్నారు, అందుకే ఎక్కువ వచ్చింది" అని వాదించకండి. రోడ్డు పక్కన నిలబడి కోణంలో కొలిస్తే స్పీడ్ అసలు కంటే తక్కువే వస్తుంది. అది మీకే లాభం. వాదించాల్సింది ఫొటోలో పక్కపక్కనే రెండు బండ్లు ఉన్నప్పుడు. రాడార్ కిరణం వెడల్పుగా ఉంటుంది, ఏ బండి స్పీడ్ పట్టుకుందో తేలాలి. నంబర్ ప్లేట్ తప్పుగా చదివారేమో చూడండి. ఫొటోలో ఉన్నది అసలు మీ బండేనా, రంగు, మోడల్ చూడండి. మీ నంబర్‌ని ఇంకొకడు తగిలించుకుని తిరుగుతుంటే అది చలానా కంటే పెద్ద సమస్య, వెంటనే పోలీస్ కంప్లైంట్ ఇవ్వండి.

లారీ, క్యాబ్ నడిపేవాళ్లకి

పోర్టు లారీలు నడిపే అన్నలకి ఒక ప్రత్యేకమైన పాయింట్ ఉంది. చాలా రకాల ట్రాన్స్‌పోర్ట్ బండ్లకి స్పీడ్ గవర్నర్ తప్పనిసరి, అది 80 దాటనివ్వకూడదు. మీ గవర్నర్ సీల్ పాడవకుండా, సర్టిఫికెట్ కరెంట్‌లో ఉండి, చలానాలో 95 అని వస్తే, అది "నా మీటర్ పాడైంది" లాంటి వాదన కాదు. "మీ పరికరం చెప్పిన స్పీడ్ ఈ బండికి సాధ్యం కాదు" అనే వాదన. అది గట్టిది. కానీ 50 లిమిట్ ఉన్న చోట 72లో దొరికితే గవర్నర్ మిమ్మల్ని కాపాడదు.

ఎలా పోరాడాలి?

ముందు ఒక హెచ్చరిక. వాట్సాప్‌లో "మీ చలానా పెండింగ్" అని ఏపీకే ఫైల్ వస్తే నొక్కకండి. ఏ ప్రభుత్వ శాఖా చలానాని ఏపీకే ఫైల్‌గా పంపదు. అది ఇన్‌స్టాల్ చేస్తే వెయ్యి కాదు, అకౌంట్ మొత్తం పోతుంది. పోయిందని తెలిసిన నిమిషమే 1930కి కాల్ చేయండి. నిజంగా చలానా ఉందో లేదో ప్రభుత్వ పోర్టల్‌లో మీరే బండి నంబర్ కొట్టి చూసుకోండి. లింక్ మీద నొక్కి వెళ్లకండి, అడ్రస్ మీరే టైప్ చేయండి, చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి.

చలానా నిజమే, కానీ తప్పు అనిపిస్తోంది. అప్పుడు మొదటి రూల్: కట్టకండి. "ముందు కట్టేసి తర్వాత కొట్లాడదాం" అనే ప్లాన్ నడవదు. కట్టడం అంటే చట్టం భాషలో రాజీ, సెక్షన్ 200. రాజీ పడ్డాక కేసు క్లోజ్. అలాగని ఊరికే పడేయకండి. నోటీసులో గడువు ఉంటుంది, క్యాలెండర్‌లో పెట్టుకోండి.

రెండు. పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టండి, ట్రాఫిక్ పోలీసులకి రాతపూర్వకంగా ఇవ్వండి. మర్యాదగా, పొట్టిగా రాయండి. చలానా నంబర్, తేదీ, ప్లేస్, ఇందాక చెప్పిన ఐదు ప్రశ్నలు. కథ వద్దు. ముఖ్యంగా "నా మీటర్ పాడైంది" అనే వాక్యం వద్దు.

మూడు. అదే రోజు సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి పరికరం సర్టిఫికెట్ కాపీ అడగండి. జవాబుకి 30 రోజుల టైమ్ ఉంటుంది కాబట్టి లేట్ చేయొద్దు.

నాలుగు. అక్కడ తేలకపోతే మేజిస్ట్రేట్ కోర్టు. అక్కడ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకుండా విచారణ అడగొచ్చు. లైసెన్స్ పోయే పరిస్థితి ఉంటే లాయర్‌ని కలవండి. స్తోమత లేనివాళ్లు న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి కాల్ చేయండి. అర్హత ఉంటే ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.

మీ దగ్గర డాష్‌క్యామ్ వీడియో, ఫోన్ జీపీఎస్ రికార్డు ఉంటే ఒరిజినల్ ఫైల్ అలాగే ఉంచండి, ఎడిట్ చేయకండి. గుర్తుంచుకోండి, ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ కావాలన్న రూల్ వాళ్లకే కాదు, మీకూ వర్తిస్తుంది.

ఎప్పుడు కట్టేయాలి?

నిజాయితీగా మాట్లాడుకుందాం. ఫొటో స్పష్టంగా ఉంది, బండి మీదే, లిమిట్ కంటే 25 ఎక్కువ ఉంది, ఆ రోజు లేట్ అయిందని తొక్కారని మీకు తెలుసు. కట్టేయండి. ఐదు ప్రశ్నలు ఉన్నది తప్పించుకోడానికి కాదు, కొలత సరిగ్గా ఉండాలని అడగడానికి. జర్మనీలో కొలిచిన స్పీడ్‌లోంచి పరికరం పొరపాటు కింద 100 లోపు అయితే 3 కిలోమీటర్లు, 100 దాటితే 3 శాతం తీసేసి మిగతాదానికే ఫైన్ వేస్తారు. ఏ పరికరమైనా కొంచెం తప్పు చూపించొచ్చని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. అలాంటి చోట ఫైన్ కట్టేవాడికి కూడా నమ్మకం ఉంటుంది. మనం అడిగితేనే మనకీ ఆ పద్ధతి వస్తుంది.

ఇంక చివరిగా ఒక పని చెప్తా. మీ మీటర్ సంగతి చలానా రాకముందే తేల్చుకోండి. ఆదివారం పొద్దున్న ట్రాఫిక్ లేని స్ట్రెయిట్ రోడ్డులో, లిమిట్ లోపలే, మీటర్‌లో సరిగ్గా 60 దగ్గర నిలకడగా వెళ్లండి. పక్కన కూర్చున్నవాళ్లు ఫోన్‌లో జీపీఎస్ స్పీడ్ చూడాలి, మీరు చూడకూడదు. జీపీఎస్ లేకపోతే కిలోమీటర్ రాళ్ల మధ్య టైమ్ తీయండి. 3,600ని ఎన్ని సెకన్లు పట్టిందో దాంతో భాగిస్తే అదే మీ స్పీడ్. 60 సెకన్లు పడితే 60. 64 సెకన్లు పడితే 56, అంటే మీటర్ ఎక్కువ చూపిస్తోంది, కంగారు లేదు. 54 సెకన్లలోనే అయిపోతే దాదాపు 67. అంటే మీటర్ తక్కువ చూపిస్తోంది, సోమవారమే మెకానిక్ దగ్గరికి వెళ్లండి, బిల్లు దాచుకోండి.

ఈ వీడియోని క్యాబ్ నడిపే ఫ్రెండ్ ఒకరికి, డెలివరీ చేసే ఫ్రెండ్ ఒకరికి పంపండి. వాళ్లకే ఎక్కువ అవసరం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. మెల్లగా వెళ్లండి, ఇల్లు ఎక్కడికీ పోదు. నమస్తే.